టొరంటో కౌంటర్ దగ్గర తేదీ రాయించుకున్నాం: సూపర్ వీసాతో మా అనుభవం

మాది హన్మకొండ. నేను సోషల్ టీచర్‌గా చేసి రిటైరయ్యాను. మా ఆయన కరెంటు డిపార్ట్‌మెంట్‌లో లైన్‌మన్‌గా చేసి నాకంటే ముందే రిటైరయ్యారు. అమ్మాయి, అల్లుడు కెనడాలో బ్రాంప్టన్‌లో ఉంటారు. 2025 సెప్టెంబర్ 12న మేమిద్దరం సూపర్ వీసా మీద టొరంటోలో దిగాం. బయల్దేరే ముందు సలహాలకేం కొదవ లేదు. మా కాలనీలో రిటైరైనవాళ్లలో సగం మందికి పిల్లలు బయటి దేశాల్లోనే ఉన్నారు. వీసా ఎట్లా తెచ్చుకోవాలో అందరూ చెప్పారు. విమానం దిగాక కౌంటర్ దగ్గర ఏం జరుగుతుందని అడిగితే మాత్రం "ఏముంటది, ముద్ర కొట్టి పంపిస్తరు" అన్నారు. మాకు ముద్ర కొట్టాకే అసలు పని మొదలైంది.

మామూలు విజిటర్ వీసా మీద పోతే కెనడాలో సాధారణంగా ఆరు నెలలు ఉండనిస్తారు. పిల్లల దగ్గరికి, మనవల దగ్గరికి పోయే పెద్దవాళ్లకు ఇచ్చే సూపర్ వీసా మీద అయితే 2022 జులై నుంచి ఒకసారికి ఐదేళ్ల దాకా ఉండొచ్చు. మేం అనుకున్నది ఏడాది. అమ్మాయికి రెండో కాన్పు మే నెలలో. ఆ సమయానికి పక్కన ఉండాలని ఫిబ్రవరిలోనే అల్లుడితో ఆన్‌లైన్‌లో అప్లై చేయించాం. చౌరస్తా దగ్గర ఒక కన్సల్టెంట్‌ని కూడా అడిగి చూశాం. ఇద్దరికీ కలిపి 30,000 చెప్పాడు. ఫారాలన్నీ ఎట్లాగూ అల్లుడి జీతం కాగితాలు, పన్ను కాగితాల మీద నడిచేవే కాబట్టి అతనికి డబ్బు ఇవ్వడం అనవసరమనిపించింది.

అప్లికేషన్ ఫీజు మనిషికి 100 కెనడా డాలర్లు, వేలిముద్రలకు ఇద్దరికీ కలిపి 170. ఇవి పెద్ద లెక్క కాదు. అసలు బరువు ఇన్సూరెన్స్‌ది. కనీసం లక్ష డాలర్ల కవరేజీ, కనీసం ఏడాది పాలసీ ఉండాలి, అదీ అప్లికేషన్‌తోనే చూపించాలి. మా ఆయనకు షుగర్, నాకు బీపీ. ఆ జబ్బులు కూడా కవర్ అయ్యే పాలసీ తీసుకుంటే ఇద్దరికీ ఏడాదికి 4,000 డాలర్లకు కొంచెం తక్కువ పడింది. మన డబ్బుల్లో రెండు లక్షల పైమాటే. వీసా రాకపోతే డబ్బులు వాపసు ఇస్తారు, ప్రయాణం తేదీ మారితే పాలసీ మొదలయ్యే తేదీ మార్పించుకోవచ్చు. మేం ఆ తేదీని మార్పించాల్సి వచ్చింది. ఎందుకో ముందు ముందు చెప్తాను.

ఫిబ్రవరి 27న వేలిముద్రల కోసం పొద్దున్నే కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్ పోయాం. నాది పది నిమిషాల్లో అయిపోయింది. మా ఆయన దగ్గర ఆగింది. ముప్పై ఏళ్లకు పైగా స్తంభాలెక్కి, తీగలు లాగిన చేతులు. వేళ్ల చివర్లు నున్నగా అరిగిపోయాయి. ఆధార్ దగ్గర, బ్యాంకులో, సిమ్ కార్డు కొన్నప్పుడు, ఎక్కడైనా ఇదే తంతు. అక్కడి అమ్మాయి ఓపికగా తడి టిష్యూతో తుడిపించి, ఒక్కో వేలిని తనే నొక్కి పట్టి తీసింది. కుడిచేతి చూపుడు వేలు మాత్రం ఎర్ర గుర్తే చూపిస్తూ ఉంది. చివరికి తీసుకుంది. "అక్కడ ఎయిర్‌పోర్ట్‌లో కూడా మళ్లీ వేస్తారు అంకుల్, బయల్దేరే ముందు నాలుగు రోజులు చేతులకు కొబ్బరినూనె రాయండి" అని చెప్పింది. ఆ మాట గుర్తుపెట్టుకుని సెప్టెంబర్‌లో రోజూ రాత్రి పూట రాశాను. ఆయనకు నవ్వులాట.

మెడికల్ మార్చి మొదటి వారంలో. వాళ్ల లిస్టులో ఉన్న డాక్టర్ దగ్గరే చేయించాలి, మన డాక్టర్ రిపోర్టు పనికిరాదు. రక్తం, మూత్రం, ఛాతీ ఎక్స్‌రే. ఇద్దరికీ కలిపి 14,000 దాకా అయింది. రిపోర్టు మన చేతికివ్వరు, వాళ్లే పంపుకుంటారు.

ఆ తర్వాత ఎదురుచూపు. మార్చి, ఏప్రిల్, మే. అల్లుడు రోజూ లాగిన్ అయి చూసేవాడు. అదే మాట, పరిశీలనలో ఉంది. మే 19న మనవడు పుట్టాడు. ఇరవై ఒకటో రోజు తొట్టెల ఫోన్‌లోనే చూశాం. అమ్మాయి ఒక చేత్తో తొట్టె ఊపుతూ, ఇంకో చేత్తో పెద్దదాన్ని పట్టుకుని ఉంటే, నేను హన్మకొండలో సోఫాలో కూర్చుని పాట పాడాను. సిగ్నల్ ఆగి ఆగి వచ్చింది. అప్పుడు ఏడుపు ఆగలేదు. కెనడావాళ్ల మీద కోపం వచ్చింది, వాళ్లకేం తెలుసు పాపం.

జులై 21న పాస్‌పోర్టులు పంపమని మెయిల్ వచ్చింది. ఆగస్టు 8న స్టిక్కర్ అతికించి తిరిగొచ్చాయి. వీసా మీద 'పీజీ-1' అని ఉంటే అది సూపర్ వీసా. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. మా ఆయన చదివింది పదో తరగతి. "చూసినవా, నాకు పీజీ ఇచ్చిండ్రు" అని కాలనీలో అందరికీ చూపించారు.

నా వీసా గడువు 2033 దాకా ఉంది, ఆయనది 2027 మార్చి దాకే ఉంది. అమ్మాయి పెళ్లయిన కొత్తలో, 2017లో ఆయన పాస్‌పోర్టు తీయించాం. నాది 2023లో. పాస్‌పోర్టు ఎప్పటిదాకా ఉంటే వీసా అప్పటిదాకే. మేం ఉండేది ఏడాదే కదా అని దాని గురించి అప్పుడు ఎక్కువ ఆలోచించలేదు.

అమ్మాయి ఫోన్‌లో ఒక ఫైల్ సర్దించింది. పాస్‌పోర్టులు, ఇన్సూరెన్స్ కాగితం, డబ్బు కట్టిన రసీదు, వాళ్లిద్దరూ సంతకం చేసిన ఆహ్వాన లేఖ, వాళ్ల పీఆర్ (శాశ్వత నివాసం) కార్డుల జిరాక్సు, రిటర్న్ టికెట్, మా పెన్షన్ కాగితాలు, ఇంటి పన్ను రసీదు. "అమ్మా, ఇది సూట్‌కేస్‌ల పెట్టకు. సూట్‌కేసులు కౌంటర్ దాటినంకనే చేతికొస్తయి" అని వంద సార్లు చెప్పింది. ఫైల్ నా భుజానికి తగిలించుకున్న సంచిలోనే ఉంది, విమానంలో బాత్రూంకి పోయినా వెంటే.

మందుల విషయంలో ఒక ఆశ్చర్యం. ఏడాదికి సరిపడా తీసుకుపోదామనుకున్నాం, తొంభై రోజులకు మించి తేవద్దన్నారు. అది కూడా స్ట్రిప్పులు చింపకుండా, డాక్టర్ చీటీతో. మిగతావి అక్కడే కొనుక్కోవాలి. నెలనెలా ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి.

తిండి సామాను గురించి అల్లుడు ఒక్కటే చెప్పాడు: మాంసంతో చేసినవి ఏవీ వద్దు, ఉన్నవి దాచకుండా చెప్పండి. మటన్ పచ్చడి పెడదామని ఉండె, మానేశాను. సకినాలు, గరిజెలు, మామిడికాయ తొక్కు, పసుపు, కారం. ఇవి లేకుండా పోతే అమ్మాయి ఇంట్లోకి రానిస్తదా?

సెప్టెంబర్ 11 మధ్యాహ్నం రెండింటికి ఇంట్లోంచి బయల్దేరాం. పది రోజుల్లో ఎంగిలిపూల బతుకమ్మ. పక్కింటి వదిన "పండుగ ముందట పోతున్నవ్, ఎవల కోసం పేరుస్తం బతుకమ్మను" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. కారు కిరాయి 5,000. ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్ ఎక్కి సాయంత్రం ఆరు కాకముందే శంషాబాద్‌లో దిగాం.

మన దగ్గర ఇమిగ్రేషన్‌లో టెన్షన్ పడాల్సిందేమీ లేదు. ఎక్కడికి, ఎవరున్నారు, ఎన్నాళ్లు అని అడిగి, వీసా చూసి ముద్ర వేశాడు. లైన్‌లో నిలబడింది నలభై నిమిషాలు. మా ముందూ వెనకా అందరూ జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు పిల్లలే, గల్ఫ్ పోయేటోళ్లు. కొత్త బూట్లు, కొత్త బ్యాగులు. వాళ్లను మాత్రం కాగితాలు ఇటు తిప్పి అటు తిప్పి అడుగుతున్నారు. మాకు రెండు నిమిషాలు పట్టిన చోట ఒక పిల్లగాన్ని పది నిమిషాలు నిలబెట్టారు. దుబాయ్‌లో దిగాక అతనే నా హ్యాండ్‌బ్యాగు మోసి మా గేటు దాకా తెచ్చాడు. దుబాయ్‌లో మనకు ఇమిగ్రేషన్ ఉండదు, సెక్యూరిటీ చెక్ ఒక్కటే. అక్కడి నుంచి టొరంటోకు పద్నాలుగు గంటలు. కాళ్లు వాచాయి. అంతకు మించి చెప్పుకోవడానికి ఏం లేదు.

12వ తేదీ పొద్దున తొమ్మిదిన్నరకు దిగాం. నాకు మోకాళ్ల నొప్పులు, అందుకని టికెట్‌తోనే వీల్‌చైర్ అడిగి ఉంచాం. విమానం తలుపు దగ్గరే ఒకతను సిద్ధంగా ఉన్నాడు. వీల్‌చైర్ మంచిదే. నడక తప్పుతుంది, లైన్ చిన్నది, దారి వెతుక్కునే పని లేదు. కానీ తోసేవాళ్లకు ఒకరి తర్వాత ఒకరు ఉంటారు, వాళ్ల తొందర వాళ్లది. మన పని పూర్తయిందా లేదా చూసుకోవాల్సింది మనమే.

మొదట కియోస్క్ అని ఒక మిషన్. పాస్‌పోర్టు పెట్టాలి, ఫొటో తీస్తుంది, వేలు పెట్టమంటుంది. కస్టమ్స్ ప్రశ్నలు అమ్మాయి ముందే యాప్‌లో నింపేసింది. దిగడానికి 72 గంటల లోపు నింపొచ్చు. తిండి సామాను ఉందా అన్నదానికి అవునని, పది వేల డాలర్లు, అంతకు మించి నగదు ఉందా అన్నదానికి లేదని పెట్టింది. మా ఆయన వేలు మిషన్ తీసుకోలేదు. కొబ్బరినూనె రాసినా సరే. మూడుసార్లు అడిగి చివరికి ఒక స్లిప్పు కక్కింది. ఆయన నా వైపు చూశారు. "ఏం కాదు, లోపల మనిషి ఉంటడు" అన్నాను, నాకూ లోపల దడగానే ఉంది.

కౌంటర్ దగ్గరికి చేరేసరికి పదిన్నర. ఆఫీసర్ కుర్రాడే, ముప్పై ఏళ్లు ఉంటాయేమో. నవ్వుతూనే అడిగాడు. ఎవరి దగ్గరికి? కూతురు దగ్గరికి. ఆమె ఏం చేస్తుంది? చెప్పాను. ఎన్నాళ్లు? ఏడాది. తిండి సామాను ఏముంది? పచ్చళ్లు, పిండివంటలు, మసాలాలు, మాంసం లేదు. మా ఆయన వేళ్లు ఇంకోసారి అక్కడి మిషన్ మీద పెట్టించాడు, ఈసారి తీసుకుంది. రెండు పాస్‌పోర్టుల్లో టక్ టక్‌మని ముద్రలు కొట్టి ఇచ్చేశాడు. మొత్తం నాలుగు నిమిషాలు. వీల్‌చైర్ అప్పటికే కదిలింది.

అల్లుడు ఒక మాట పదే పదే చెప్పి పంపాడు: "అత్తమ్మా, ముద్ర కింద చేత్తో తేదీ రాసి ఉండాలి. ఎప్పటిదాకా ఉండొచ్చో ఆ తేదీ. ఏమీ రాయకపోతే దిగిన రోజు నుంచి ఆరు నెలలే లెక్క." వీసా ఐదేళ్లకు అర్హత ఇస్తుంది అంతే, ఎన్నాళ్లు ఉండనివ్వాలన్నది ఆ కౌంటర్‌లో కూర్చున్న ఆఫీసర్ చేతిలో ఉంటుంది. పాస్‌పోర్టు తెరిచి చూశాను. ముద్ర ఉంది. దిగిన తేదీ ఉంది. కింద ఖాళీ.

"ఆపు బాబూ" అని వీల్‌చైర్ తోసే అతనితో తెలుగులోనే అన్నాను. అర్థం కాకపోయినా ఆగాడు. వెనక్కి పోదామంటే "అయిపోయింది మేడమ్, బ్యాగుల దగ్గరికి పోదాం" అంటాడు. మా ఆయన కూడా "ముద్ర కొట్టిండు కదనే, ఉన్నదాన్ని ఎందుకు కెలుకుతవ్?" అన్నారు. ఆయన భయం ఆయనది. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆఫీసర్‌ని రెండోసారి ప్రశ్న అడిగితే ఏమవుతుందో చూసిన మనిషి. నాకేమో ఆరు నెలలంటే మార్చి 12 కళ్ల ముందు కనిపించింది. ఆ లోపల పొడిగింపుకు అప్లై చేయాలి, మనిషికి ఇంకో 100 డాలర్లు, మళ్లీ ఎదురుచూపు. కుర్చీలోంచి లేచి నడిచే పోయాను.

కౌంటర్ ముందు వేరే ప్రయాణికులు ఉన్నారు. పక్కన నిలబడ్డాను. వాళ్లు పోయాక పాస్‌పోర్టు తెరిచి, వీసా పేజీ మీద పీజీ-1 అన్న చోట వేలు పెట్టి, "సర్, సూపర్ వీసా. నో డేట్" అన్నాను. అంతే. ఇంగ్లీషు అంతకంటే అక్కర్లేదు. అతను చూశాడు, తల ఊపాడు, కోప్పడలేదు. స్లిప్పు మీద ఏదో రాసి, "అటు ఇమిగ్రేషన్ ఆఫీసుకి వెళ్లండి, అక్కడ రాస్తారు" అన్నాడు.

మా ఆయన ముఖం తెల్లబోయింది. నిజం చెప్పాలంటే నాక్కూడా కాళ్లు వణికాయి. ఆ గదికి పంపించారంటే వెనక్కి పంపిస్తారేమోనని మన దగ్గర ఒక భయం ఉంది. అక్కడికి పోయి చూస్తే గది నిండా పిల్లలే. చదువుకోడానికి వచ్చినవాళ్లు, ఉద్యోగాలకు వచ్చినవాళ్లు, వాళ్ల పర్మిట్లు ప్రింట్ తీసిచ్చేది కూడా అక్కడే. లోపలికి పోయే ముందు ఎయిర్‌పోర్ట్ వైఫైతో అమ్మాయికి వాయిస్ మెసేజ్ పెట్టాను, తేదీ రాయించుకోడానికి ఇంకో ఆఫీసుకు పోతున్నం, ఆలస్యమైతది, టెన్షన్ పడకు అని. ఇది తప్పకుండా చేయండి. లోపల ఫోన్ వాడొద్దని బోర్డులున్నాయి. వీల్‌చైర్ అతను మమ్మల్ని అక్కడ దింపి, అయ్యాక వేరేవాళ్లు వస్తారని చెప్పి పోయాడు.

కూర్చున్నాం. పావు తక్కువ పదకొండు. పదకొండున్నర అయింది. పన్నెండు దాటింది. మా ఆయనకు షుగర్, ఆకలికి ఆగలేరు. విమానంలో ఇచ్చిన బిస్కెట్ ప్యాకెట్లు పారేయకుండా సంచిలో వేసుకున్నాను, అవే పనికొచ్చాయి. నీళ్లు అడిగితే బయట కుళాయి చూపించారు, బాత్రూంకి పోయొస్తామంటే పోయిరమ్మన్నారు. అడగడానికి మొహమాటపడాల్సింది లేదు.

పక్క కుర్చీలో ఒక అబ్బాయి మా మాటలు విని, "ఆంటీ, మీది వరంగలా?" అన్నాడు. వాళ్లది హుజూరాబాద్. కాలేజీ మొదలై వారం దాటిందట, టికెట్ దొరక్క లేటుగా వచ్చాడు. ఫీజు రసీదు చేతిలో నలిగిపోతోంది. నాకు తెలిసినంతలో ధైర్యం చెప్పాను. అతనే నాకొక మంచి మాట చెప్పాడు: "కాగితం చేతికొచ్చినంక ఈడనే చూస్కోవాలె ఆంటీ. పేరు, తేదీలు. తలుపు దాటితే దిద్దిచ్చుకునుడు తిప్పలట, మా సీనియర్లు చెప్పిండ్రు." అతని పేరు మాకంటే ముందే పిలిచారు. పర్మిట్ చేతికొచ్చాక అక్కడే నిలబడి అక్షరం అక్షరం చదువుకుని, మాకు చెయ్యి ఊపి పోయాడు.

పన్నెండూ ఇరవైకి మమ్మల్ని పిలిచారు. ఈసారి పెద్దావిడ. ఫైల్ మొత్తం ఇవ్వబోతే వద్దని, ఒక్కొక్కటి అడిగింది. మొదట ఇన్సూరెన్స్. ఎన్ని డాలర్లకు, ఎప్పటి నుంచి, డబ్బు మొత్తం కట్టారా. పాలసీ తేదీ మార్పించాల్సి వచ్చిందని చెప్పాను కదా. ముందు మే 1 నుంచి తీసుకున్నాం, వీసా లేటయ్యేసరికి దాన్ని సెప్టెంబర్ 12కు మార్పించాం. ఆ మార్చిన కాగితమే ఆమెకు కావాల్సింది. పాతది ఉంటే ఏడాదిలో నాలుగు నెలలు అప్పుడే పోయినట్టు కనిపించేది. తర్వాత ఆహ్వాన లేఖ. తర్వాత రిటర్న్ టికెట్.

అప్పుడు మా ఆయన వైపు తిరిగింది. నేను జవాబు చెప్పబోతుంటే చెయ్యెత్తి, "ఆయన్ని చెప్పనివ్వండి" అంది. గుండె గుభేలుమంది. ఆయన ఇంగ్లీషు మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. ఎందుకొచ్చారు అని అడిగింది. ఆయన గొంతు సవరించుకుని, రెండు చేతులూ కౌంటర్ మీద పెట్టి, "డాటర్. గ్రాండ్ సన్, ఫోర్ మంత్స్. వన్ ఇయర్ స్టే. దెన్ బ్యాక్, హన్మకొండ" అన్నారు. ఇక్కడ పని చేస్తారా అని అడిగింది. "నో వర్క్. పెన్షన్" అన్నారు. ఏం ఉద్యోగం చేసేవారు? "ఎలక్ట్రిసిటీ. లైన్‌మన్" అంటూ చెయ్యి పైకెత్తి స్తంభం ఎంత ఎత్తో చూపించారు. ఆమె నవ్వింది. ఆ గదిలో అడుగు పెట్టినప్పటి నుంచి నేను ఊపిరి పీల్చుకున్నది అప్పుడే.

అల్లుడి నంబర్ తీసుకుని అక్కడి నుంచే ఫోన్ చేసింది. బయట నిలబడి ఉన్నాడు కాబట్టి వెంటనే ఎత్తాడు. మీ అత్తామామలేనా, మీతోనే ఉంటారా, ఇంతే. రెండు నిమిషాలు. మీవాళ్లకు ముందే చెప్పి ఉంచండి, తెలియని నంబర్ అని కట్ చేయకుండా.

నా పాస్‌పోర్టులో ముద్ర కింద 2030 సెప్టెంబర్ 12 అని రాసి ఇచ్చింది. మా ఆయనది తీసుకుని రాసింది, చూస్తే 2027 మార్చి 18. నాకు ఐదేళ్లు, ఆయనకు ఏడాదిన్నరా? అడుగుదామా వద్దా అనిపించింది. హుజూరాబాద్ పిల్లగాని మాట గుర్తొచ్చి అడిగాను. ఆమె ఆయన పాస్‌పోర్టు మొదటి పేజీ తిప్పి గడువు తేదీ మీద పెన్ను పెట్టి చూపించింది. అదే తేదీ. పాస్‌పోర్టు గడువు దాటి ఉండనివ్వరు. కొత్త పాస్‌పోర్టు తీసుకుంటే, ఈ తేదీ లోపల పొడిగింపుకు అప్లై చేసుకోవచ్చు అని చెప్పింది. మేం ఏడాదికే వచ్చాం కాబట్టి మాకిప్పుడు ఇబ్బంది లేదు. రెండు మూడేళ్లు ఉందామనుకునేవాళ్లు మాత్రం పాస్‌పోర్టు గడువు తక్కువుంటే ఇండియాలోనే రెన్యువల్ చేయించుకుని ఆ తర్వాత వీసాకు అప్లై చేయడం మేలు. 1,500 రూపాయల పని.

ఇంకో అమ్మాయి వీల్‌చైర్ తెచ్చింది. బెల్టు ఎప్పుడో ఆగిపోయింది. మా నాలుగు సూట్‌కేసులు పక్కన గోడకు నిలబెట్టి ఉన్నాయి, ఒక్కటి కూడా పోలేదు. కస్టమ్స్ దగ్గర స్లిప్పు చూసి ఒక సూట్‌కేసు తెరవమన్నారు. కారం ప్యాకెట్ ఎత్తి పట్టుకుని ఇదేంటని అడిగాడు. 2025లోనే జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చిన మా వరంగల్ చపాటా మిర్చి అని చెప్పాలనిపించింది. "చిల్లీ పౌడర్" అన్నాను. వాసన చూడబోయి ఆగాడు, మంచి పని చేశాడు. తొక్కు సీసా మీద చుట్టిన ప్లాస్టిక్ విప్పలేదు. సకినాల డబ్బా మూత తీసి చూసి పెట్టేశాడు. మాంసం, పాలపదార్థాలు లేవు కదా అని మళ్లీ ఒకసారి అడిగి పంపేశాడు.

బయటికొచ్చేసరికి ఒకటిన్నర. అమ్మాయి పొద్దున తొమ్మిది నుంచి అక్కడే నిలబడి ఉంది, పిల్లవాడు అల్లుడి భుజం మీద నిద్రపోతున్నాడు. అమ్మాయి ముందు నన్ను పట్టుకోలేదు. "పాస్‌పోర్ట్ చూపియ్యమ్మా, డేట్ ఉన్నదా?" అంది. చూపించాక అప్పుడు ఏడ్చింది. మా ఆయన మాత్రం కారెక్కిందాకా అల్లుడికి, తను ఇంగ్లీషులో ఎట్లా జవాబు చెప్పిందీ వివరిస్తూనే ఉన్నారు.

ఆ రాత్రే ముద్రలున్న పేజీలను ఫొటోలు తీసి అల్లుడి మెయిల్‌లో, నా ఫోన్‌లో, హన్మకొండలో మా మరిది ఫోన్‌లో పెట్టాం. మధ్యలో ఏదైనా పెళ్లికి ఇండియా వచ్చి మళ్లీ పోవాల్సి వస్తే, మళ్లీ దిగినప్పుడు కూడా ఇన్సూరెన్స్ చూపించాలి, మళ్లీ తేదీ రాయించుకోవాలి. మా పాలసీ 2026 సెప్టెంబర్‌లో అయిపోతుంది. మా టికెట్లు ఆగస్టుకున్నాయి. అమ్మాయి ఇప్పటి నుంచే ఇంకో ఆరు నెలలు ఉండమని పోరుతోంది. ఉంటే నాకు కొత్త పాలసీ ఒక్కటే చాలు. మా ఆయనకు పాలసీతో పాటు, 2027 మార్చి 18 కూడా అప్పటికి దగ్గరపడుతుంది కాబట్టి ఆయన పాస్‌పోర్టు రెన్యువల్ టొరంటోలోనే పెట్టాలి. దానికి కావాల్సిన ఫొటోల సైజు మన దగ్గరిదీ ఇక్కడిదీ వేరట, ఆ ఫొటోలు నిన్ననే దిగొచ్చాం.